శనివారం చల్లిన స్ట్రూజెల్

ఆ శనివారం రోజారమణి వేసుకున్న పథకం సులువైనదే. తొమ్మిదికల్లా కేకు ఓవెన్‌లో పెట్టాలి, పదింటికి అచ్యుతాపురం వెళ్లే క్యాబ్‌కి అందించాలి. అక్కడి ఫ్యాక్టరీలో ఓ జర్మన్ ఇంజనీరుకి వీడ్కోలు విందు. ఈ కేకు నచ్చితే నెలనెలా క్యాంటీన్ ఆర్డరు తనకేనని మేనేజరు శ్రీరామ్మూర్తి మాటిచ్చాడు. మధురవాడ ఫ్లాట్‌లో ఏడాదిగా చుట్టాల పుట్టినరోజులకి ఊరికే కేకులు చేసిపెడుతున్న మనిషికి అంతకంటే ఏం కావాలి?

మైదా, పంచదార, వెన్న వేళ్లతో రవ్వరవ్వగా నలిపి గిన్నెలో పెట్టింది. అదేమిటని అత్తగారు రామలక్ష్మమ్మ అడిగితే, పిండీ పంచదారా, చల్లడానికని చెప్పి స్నానానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి గిన్నె కడిగి బోర్లించి ఉంది.

పాపం, ఆవిడ తప్పేముంది? కొడుకు దేవీప్రసాద్‌కి ఏలినాటి శని. శనివారాలు చీమలకి పిండీ పంచదారా చల్లమని పంతులుగారు చెప్పి ఏడాదైనా కోడలు చెవిన పెట్టలేదు. ఇవాళ తనంతట తనే కలిపిందని మురిసిపోయి, లిఫ్టు దిగి వెళ్లి, ప్రహరీ పొడుగునా చల్లి వచ్చింది.

"అది స్ట్రూజెల్ అత్తయ్యా, కేకు మీద చల్లేది," అంది రోజారమణి ఏడుపు దిగమింగుకుంటూ. "జర్మనోళ్ల మాట. చల్లడం అన్న మాటలోంచే పుట్టింది."

"నానూ సల్లే వచ్చినాను కదమ్మా," అంది ఆవిడ.

వెన్న కోసం దేవీప్రసాద్‌ని తరిమారు. కొట్లో వెన్న లేదట. ఎలాగూ వెన్న నెయ్యయ్యేదే కదా అని నెయ్యి తెచ్చాడు మహానుభావుడు. మిగిలిన మైదా అంతా అందులో కలిపితే జావ తయారైంది. క్యాబ్‌ని కాస్త ఆలస్యంగా రమ్మని బతిమాలడానికి రోజారమణి ఫోను పట్టుకుని బాల్కనీలోకి వెళ్లింది. ఆమె వచ్చేలోగా అత్తగారు డబ్బాలోని సున్నుండలన్నీ చిదిపి, కేకు నిండా పరిచి, ఓవెన్‌లోకి తోసేసింది.

చేసేదేముంది? వచ్చిన క్యాబ్‌లో దాన్నే పంపి, తన ఆర్డరు గంగలో కలిసిందని రోజారమణి మంచమెక్కింది.

మధ్యాహ్నం శ్రీరామ్మూర్తి ఫోను చేస్తే ఎత్తడానికి ఆమెకి ధైర్యం చాలలేదు. అత్తగారే ఎత్తి స్పీకర్ పెట్టింది. జర్మన్ దొర పైనున్నదంతా చెంచాతో గీక్కుని తినేశాడనీ, క్యాంటీన్ ఆర్డరు ఖాయమనీ చెప్పాడాయన. రోజారమణి మంచం మీంచి దూకింది.

"ఒక్క మాటండి," అన్నాడు శ్రీరామ్మూర్తి. "కేకు వద్దు. ఆ పైదే పంపండి, నెలకి పది కేజీలు."

అంత సరుకు చేయడానికి సాయం మనుషులెవరైనా ఉన్నారా అని కూడా అడిగాడు. కోడలుందనీ, నేర్పుకుంటాననీ చెప్పి రామలక్ష్మమ్మ ఫోను పెట్టేసింది.