వాలుగ వేట, ఒక పిలుపు

ఛళ్ళుమని ఒక చప్పుడు. పొగమంచులో నది కనిపించలేదు, అవతలి ఒడ్డు కనిపించలేదు. చప్పుడు మాత్రం వినిపించింది. ఒడ్డు ఇసుక మీద దుప్పటి కప్పుకొని పడుకున్న నర్సింగం దిగ్గున లేచి కూర్చున్నాడు.

"కట్టయ్యా, వాలుగేనా?"

"వాలుగే అన్నా. తోకతోని కొట్టింది. జర సప్పుడు చెయ్యకు," అన్నాడు తెప్ప నడిపే కట్టయ్య.

వరంగల్‌లో మగ్గాల నడుమ తల నెరిసిన నర్సింగానికి నిలువెత్తు వాలుగ చేపను పట్టాలని ఎన్నాళ్లుగానో కోరిక. అందుకే మంగపేట దగ్గర తెప్ప ఎక్కి, మూడు రోజులు గోదావరి ఎటు తీసుకుపోతే అటు పోదామని బయలుదేరాడు. ఈ ఉదయం చేప, మధ్యాహ్నం పులుసు, అంతవరకే ఆలోచన. పులుసు కోసమే భార్య భాగ్యమ్మను వెంట తెచ్చాడు. ఆమె మాత్రం నదిని చూడడానికి వచ్చింది. ఇసుక చెమ్మగా ఉందని తెప్ప మీదే పడుకుంది.

గాలం అందుకోబోతూ నర్సింగం నీటివైపు చూశాడు. ఒడ్డున గుంజకు కట్టిన తెప్ప లేదు.

రాత్రి కట్టుతాడు చాలకపోతే మరో తాడును దానికి అతికింది అతనే. కట్టయ్య తాను కడతానంటే, "మగ్గం మీద నేనేసిన ముడి ఎన్నడన్న ఊడిందా? నాకే నేర్పుతానవా?" అని కసిరాడు. తెగిన నూలుపోగును అతికే ఆ సన్నని ముడి, తడిసిన నైలాన్ తాడు మీద నిలవలేదు. సగం తాడు గుంజకే మిగిలింది. మిగతా సగం భాగ్యమ్మతో పాటు వెళ్లిపోయింది.

"ఓయ్!" అని అరిచాడు నర్సింగం. మంచులో ఎక్కడో గేదెలు కాసేవాడు "ఓయ్!" అన్నాడు.

"ఇగో, నిన్నే!" అన్నాడు నర్సింగం. పక్క రేవులో బట్టలుతికే ఆడవాళ్లు ఒక్కసారిగా తలలెత్తారు. "ఎవల్నయ్యా పిలుస్తానవ్?"

"మా ఇంటామెను!"

"మేమందరం ఎవలో ఒకల ఇంటామెలమే గదయ్యా!"

కట్టయ్య గుంజకున్న తాడు విప్పుకొని ఒడ్డు వెంట పరుగెత్తాడు, వెనకే నర్సింగం. "వదినె పేరేందన్నా? పిలుస్త!"

"ఓంకారు అమ్మ."

"పేరన్నా, పేరు!"

భార్యను పేరు పెట్టి పిలవడం నర్సింగం ఇంట లేదు. చివరికి అలవాటైన దారినే పట్టి, కొడుకు పేరుతో "ఓంకారూ! ఓంకారూ!" అని గొంతు చించుకున్నాడు. మంచులో చేపలు పడుతున్న పడవవాళ్లు అది విన్నారు.

"పోరడు నీళ్లల్ల పడ్డడంట! దుంకుండ్రి!"

ఇద్దరు దూకారు. ఒకడు వల విసిరాడు. ఆ పోరడు కాజీపేట రైల్వేలో ఉద్యోగం చేస్తున్నాడనీ, అతనికే ఇద్దరు పిల్లలనీ చెబుదామంటే నర్సింగం మాట ఎవరికీ చేరలేదు. ఓంకారును వెతికే కళ్ల ముందు నుంచే ఓంకారు తల్లి తెప్ప మీద సాగిపోయింది. ఆమెను ఎవరూ ఆపలేదు.

"పోరడు దొరకలే గని, గిది దొరికింది!" అని పడవవాళ్లు వల ఎత్తి చూపించారు. అందులో మనిషంత వాలుగ. నర్సింగం అటు చూడనైనా లేదు.

మంచు విచ్చింది. ఒడ్డుకు కొద్ది దూరంలో రెండు బండల నడుమ తెప్ప చిక్కుకొని ఊగుతోంది. దాని అవతల నీళ్లు తెల్లగా విరిగి పడుతున్నాయి. భాగ్యమ్మ ఇటు వీపు పెట్టి, మోకాళ్లు చుట్టుకొని, నదినే చూస్తూ కూర్చుంది.

"తాడిసురుత గని, ఆమె ఇటు తిరగాలె గదన్నా!" అన్నాడు కట్టయ్య.

"ఓయ్!" ఆమె తిరగలేదు. ముప్పై ఏళ్లుగా విన్న ఓయ్ అది; గాలి వీచినట్టు, కుక్క మొరిగినట్టు, పట్టించుకోనక్కరలేని చప్పుడు. పెళ్లినాడు ఆడబిడ్డలు గడపకు అడ్డం నిలబడి చెప్పిస్తే ఒక్కసారి చెప్పిన పేరు అతని గొంతులో ఎక్కడో అడుగున పడి ఉంది. ఆ పేరుతో ఆమెను ఒక్క పూటైనా పిలిచి ఉంటే! ఒక్క నదికైనా, ఊరికే చూడడానికి తీసుకొచ్చి ఉంటే!

తెప్ప ఒక పక్కకు ఒరిగింది.

"భాగ్యమ్మా!"

ఆమె తిరిగింది. తాడు అందుకుంది. కట్టయ్య, నర్సింగం కలిసి తెప్పను ఒడ్డుకు లాగారు.

"నిద్ర పోయినవా?" అని అడిగాడు నర్సింగం.

"ఎప్పుడో లేసిన. ఓయ్ అంటె ఎవల్నో అనుకున్న," అని ఆమె చీర కొంగు పిండుకుంది. ఒడ్డు వెంట వచ్చి చేరిన ఆడవాళ్లందరూ వింటుండగా, తాపీగా, ఆమె కూడా ఏనాడూ అనని మాట అనేసింది.

"గింత గొంతు పెట్టుకొని, ఇన్నేండ్లు యాడున్నవయ్యా, నర్సింగం?"