మేనమామ గండం

పొద్దున్నే చెల్లెలికి పుట్టిన పాపను చూసి, అటునుంచి అటే డ్యూటీకి పోదామనుకున్నాడు ఎల్లారావు. హార్బర్లో క్రేను ఎక్కి లారీలంత కంటైనర్లను ఆడిస్తాడు గానీ, పిల్లి ఎదురొస్తే బండి వెనక్కి తిప్పే రకం.

మధురవాడ ఆస్పత్రి గుమ్మంలోనే చెల్లెలి అత్తగారు చిట్టమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు బాబూ! పిల్ల పన్నుతో పుట్టింది. అదీ పై పన్ను. మేనమామకి గండం. ఆ పన్నుండగానే నూనెలో పిల్ల నీడ సూసి, ఆ పైనే మొకం సూడాల."

"నువ్వు సూసినావా అత్తా?"

"ఉయ్యాల తలకాడ నిలబడి, ఈ కళ్ళతోనే సూసినాను!"

అంతే, లోకమంతా తన మీద పగబట్టినట్టు తోచింది ఎల్లారావుకు. లిఫ్టు తెగుతుందేమోనని మెట్లెక్కాడు. మెట్లనూ నమ్మలేక గోడ పట్టుకున్నాడు. క్యాంటీనువాడు నవ్వుతూ టీ ఇస్తే, ఎందుకు నవ్వాడో తేలక పారబోశాడు.

ఈలోగా పళ్ళ సర్జన్ శ్రీసత్య వచ్చింది. "పాప పన్ను బాగా కదులుతోందండీ. ఊడి గొంతులో పడితే ప్రమాదం. ఇప్పుడే తీసేస్తాను."

"నాను నూనెలో నీడ సూసేదాకా తియ్యకండి!" ఎల్లారావు గది బయటినుంచే అరిచాడు.

"అన్నియ్యా, పిల్ల పాలు తాగనేకపోతంది. నీ గండమేటి, దాని గండం సూడవా?" లోపల చెల్లెలు సాయిదుర్గ ఏడ్చింది.

అతనికి ప్రాణం ఉసూరుమంది. మేనకోడలి మీద ప్రేమ లేక కాదు, తన ప్రాణం మీద తీపి. పరుగున పోయి పళ్ళెం నిండా నూనె తెచ్చాడు. పాప ముఖం కంటబడకుండా వెనక్కి నడుస్తూ గదిలో అడుగుపెట్టాడు.

వీపుకు కళ్ళుండవు గదా, నర్సును గుద్దాడు. పళ్ళెం ఒలికింది, ఇటు తిరగబోతే కాలు జారింది, మంచం కమ్మీకి మూతి తగిలింది. లేచేసరికి ముందు పన్ను అరచేతిలో ఉంది.

"నాను సెప్పినానా నేదా! పై పన్ను గండం పంటితో పోయింది!" చిట్టమ్మ మెటికలు విరిచింది.

శ్రీసత్య అతని నోట్లో దూది కుక్కి, పాప పన్నును చిటికెలో తీసేసింది. పాప ఒక్కసారి కుయ్యిమని, వెంటనే పాలకు నోరు తెరిచింది.

"పై పన్నేమిటండీ?" డాక్టరమ్మ పట్టకారులోని పన్ను చూపించింది. "ఇది కింది చిగురుది. తలవైపు నిలబడి చూస్తే కిందా పైనా తారుమారే గదా!"

ఎల్లారావు చిట్టమ్మకేసి కొరకొరా చూశాడు. తిడదామంటే నోటినిండా దూది.

ఆ రోజు ఆ గదిలో ఊడిన పై పన్ను ఒక్కటే, అది మేనమామది.