క్రూరుల చెరలో మూడు రోజులు

"పాత యాత్రికుల రాతల్లో సగం కోతలు! తాము చిక్కితే అది చెర, ఎదుటివాణ్ని బంధిస్తే అది సేవ! బంధించినవాడి వాంగ్మూలం వినకుండా బందీ మాట నమ్మేవాడు చరిత్రకారుడే కాడు!"

ముప్పై ఏళ్లుగా ఇలా గర్జిస్తున్నారు ప్రొఫెసర్‌గారు. ఆ గర్జనలన్నీ టైపు చేసింది ఆయన భార్య. అందుకే సిద్ధాంతమంతా ఆవిడ వేళ్ల చివర్నే ఉంది. ఇప్పుడు ఆ వేళ్ల గోళ్లకి నీలం రంగు కూడా ఉంది. పోయిన వారం ఇంటికి రంగులేసింది ఆవిడొక్కతే. ఆయన పాత దస్తావేజులు చూసొస్తానని ఒక్క రోజుకి పొరుగూరు వెళ్లి, నాలుగో రోజున తేలారు. వస్తూనే పుస్తకం రాశారు!

ఆవిడ టైపు చేస్తోంది. 'బావమరిది గుమ్మం తొక్కడమే నేరమైంది. బయట తాళం! ఆ కర్కోటకుడు కిటికీలోంచి పళ్లెం తోసేవాడు. వాడి పిల్లలు నా చుట్టూ రణనృత్యం చేశారు...'

వేళ్లు ఆగిపోయాయి.

"ఏవండీ, కర్కోటకుడంటే మా తమ్ముడా?"

"పేరు రాయలేదుగా!"

"మీకున్నది ఒక్క బావమరిది! వాడు బళ్లో మాస్టారండీ. ఇది అచ్చయితే ఎవరైనా పిల్లల్ని వాడి దగ్గరికి పంపుతారా? ఉద్యోగం ఉంటుందా?"

"నేను ప్రత్యక్ష సాక్షినోయ్!"

"ఆ యాత్రికులూ అంతేగా?"

"వాళ్లవి కోతలు, నావి రాతలు!"

ఆవిడ ఆయన సూత్రం ప్రకారమే తమ్ముడికి ఫోన్ చేసింది. మాస్టారు బావగారి చీటీ ఒకటి ఫొటో తీసి పంపాడు.

సాయంత్రం ప్రచురణకర్త వచ్చి, చివరి పేజీ చదివి పగలబడి నవ్వాడు.

"అద్భుతం సార్! ఈ అనుబంధం లేకపోతే పుస్తకమే లేదు!"

"అనుబంధమా? నేను రాయందే!"

"మీ చేతిరాతేగా!"

ప్రొఫెసర్‌గారు కాగితం లాక్కున్నారు. పైన శీర్షిక: 'బంధించినవాడి వాంగ్మూలం'. కింద చీటీ:

'ఏమోయ్ బావమరిదీ, ఇంట్లో రంగులపని అయ్యేదాకా నన్ను దాచు. మీ అక్క ఫోన్ చేస్తే దస్తావేజుల్లో మునిగానని చెప్పు. ఎవరికీ అనుమానం రాకుండా బయట తాళం వేసి బడికెళ్లు. పళ్లెం మాత్రం కిటికీలోంచి వేళకి అందాలి.'

ఆయన తలెత్తారు. గుమ్మంలో భార్య. ఒక చేతిలో నీలం రంగు డబ్బా, ఇంకో చేతిలో తాళంకప్ప.

"మేడమీది గది మిగిలిపోయిందండీ. పదండి, పళ్లెం కిటికీలోంచి ఇస్తాను. బయటికొచ్చాక రెండో భాగం రాద్దురుగాని. టైపు చెయ్యడానికి నేనున్నాగా!"