విమల చేతికి కట్టు

ఆ పొద్దున ఆఫీసుకు వెళ్ళేలోపు భార్య విమలకు విషయం చెప్పేయాలని దేవదానం గట్టిగా అనుకున్నాడు. హనుమకొండలో కాలువల ఆఫీసు గుమాస్తాగిరి వదిలేసి, మిషన్ దవాఖానవాళ్ళు కొత్తగా తెచ్చిన అంబులెన్సు బండిలో ప్రథమ చికిత్స చేసే పనికి చేరాలని అతని కోరిక. మూడు నెలలుగా ఆదివారం ఆరాధన అయ్యాక అక్కడే కట్లు కట్టడం నేర్చుకుంటున్నాడు. కానీ సర్కారు కొలువు చూసి పిల్లనిచ్చిన మామ సుందర్ రావు గుర్తుకొచ్చి వెనక్కి తగ్గాడు. చెప్పడానికి బదులు విమల కుడిచేతికి చెక్కబద్ద పెట్టి కట్టి, మెడకు వేలాడదీశాడు. మంచి కట్టు సాయంత్రం దాకా వదులు కాకూడదట. విప్పొద్దని బతిమాలి సైకిలెక్కాడు.

విమల నల్లా దగ్గర ఎడమచేత్తో బిందె ఎత్తుతుంటే పక్కింటి సమ్మమ్మ చూసి, ఏమైందని అడిగింది. ఏమీ కాలేదని, మా ఆయన ఊరికే కట్టాడని విమల నవ్వింది. దెబ్బలు తిన్న ఆడవాళ్ళు సరిగ్గా ఇలాగే చెబుతారని సమ్మమ్మకు తెలుసు. ఆమె తమ్ముడు నర్సంపేట బస్సు కండక్టరు. పది గంటల బస్సులో ఒక విరిగిన చెయ్యి బయలుదేరి, నర్సంపేటలో సుందర్ రావు ఇల్లు చేరేసరికి రెండు చేతులైంది.

సమ్మమ్మ భర్త దేవదానం ఆఫీసులోనే బంట్రోతు. మధ్యాహ్నం అన్నం గిన్నెతోపాటు అతనికి ఈ కబురూ అందింది. అతని నోట విన్న హెడ్ క్లర్కు వీరభద్రం దేవదానాన్ని పక్కకు పిలిచి, కోపం సంసారాన్ని ఎలా పాడుచేస్తుందో అరగంట చెప్పాడు. సంగతి అర్థమయ్యాక దేవదానం ఇంటికి పరుగెత్తాడు. రాజీ కుదర్చడానికి వీరభద్రం వెంట వచ్చాడు.

అప్పటికే సుందర్ రావు వాకిట్లో ఉన్నాడు. కూతురు ఎంత చెప్పినా వినడం లేదు. అల్లుణ్ణి చూడగానే చెయ్యెత్తి మీదికి రాబోయి, తడి బండ మీద జారాడు. కనుబొమ్మ పైన చీరుకుపోయి ముఖమంతా నెత్తురు కారింది. అది చూసి వీరభద్రం నిలువునా సొమ్మసిల్లి పడిపోయాడు.

ఆఫీసరు ముందు నీళ్ళు నమిలే దేవదానం గొంతు అప్పుడు మారింది. వీరభద్రం కాళ్ళు ఎత్తి పట్టుకోమని, కేకలు విని వచ్చిన సమ్మమ్మకు పురమాయించాడు. మామను కూర్చోబెట్టి, ఉతికిన గుడ్డతో గాయాన్ని అదిమి, మెల్లగా మాట్లాడుతూనే కట్టు కట్టాడు.

సుందర్ రావు చాలాసేపు అల్లుడి చేతులనే చూశాడు.

"నొప్పి తెలుస్తలేదు అల్లుడా. ఆఫీసుల ఏం పని జేస్తానవ్ నువ్వు?"

"కాలువల ఫైళ్లకు నంబర్లేస్తాన మామా."

"ఆ కాలువలల్ల నీళ్లు పారుతానయా?"

"ఇంకా తవ్వలే."

విమల కట్టులోంచి వేళ్ళు ఆడించి తండ్రికి చూపించింది. తర్వాత భర్త వైపు తిరిగింది.

"మీ అంగి జేబుల అంబులెన్సు ఫారం నాల్గు రోజుల కిందనే చూసిన. మీరే చెప్తరని ఊకున్న. చెప్పలేక నా చెయ్యి కట్టి పోయిన్రు."

సుందర్ రావు నుదుటి కట్టును ఒకసారి తడుముకున్నాడు.

"నర్సంపేట తొవ్వల రోజూ ఎవరో ఒకరు పడ్తనే ఉంటరు," అన్నాడు. "ఆ పనికే పో అల్లుడా."

నేల మీదే ఉన్న వీరభద్రం కళ్ళు తెరిచి, రాజీనామా మాత్రం మూడు ప్రతుల్లో ఇవ్వాలన్నాడు.