అవుటవని ఎడంచేతివాడు

ఆదివారం పొద్దున కూతురు వేసుకున్న లెక్క ఇది: తండ్రి కంట్లో చుక్కలు వేసి, టీవీ పెట్టి, ఆయన ఫైనల్ మ్యాచ్ వింటుంటే తాను పక్క గదిలో ఆఫీసు పని ముగించుకోవాలి. టైలర్‌గా పనిచేసి మానేసిన ఆయనకు మొన్ననే కంటి ఆపరేషన్ అయింది. చుక్కలు వేసేటప్పుడు తప్ప ఆ కంటికి కట్టే. రెండో కన్నూ మసకే. దానికి ఆపరేషన్ చచ్చినా వద్దన్నాడు.

మనవాళ్ళ బ్యాటింగ్ మొదలయ్యేసరికి ఆయన ఓపిక అయిపోయింది.

"అమ్మా, బంతి ఎటు పోతోందే?"

"టీవీలో చెప్తున్నారుగా నాన్నా."

"ఎక్కడ చెప్తున్నారు? ఒకాయన హోటల్లో తిన్న టిఫిన్ గురించి చెప్తున్నాడు. ఇంకొకాయన నవ్వుతున్నాడు. మధ్యలో జనం అరుస్తున్నారు. అది ఫోరో క్యాచో వాళ్ళకి తెలిస్తే చాలా?"

ఆమె ఛానెల్ మార్చింది. అక్కడ ఒకాయన తాను ఆడిన రోజుల గురించి చెబుతున్నాడు. ఇంకో ఛానెల్లో ముగ్గురు ఒకేసారి మాట్లాడుతున్నారు.

"నోరు నొక్కెయ్ వాళ్ళది," అన్నాడు తండ్రి. ఆమె వైపు తిరిగి, "నువ్వు చెప్పరాదూ? చిన్నప్పుడు చెప్పేదానివిగా," అన్నాడు.

చిన్నప్పుడు ఆమె ఎదురింటి కిటికీ దగ్గర నిలబడి, వాళ్ళ టీవీ చూస్తూ, కుట్టుమిషన్ వదలలేని తండ్రికి ఆట అరిచి చెప్పేది. ఇప్పుడు ఇద్దరి మధ్యా మాటలన్నీ మందుల వేళల గురించే.

ఆమె సౌండ్ తీసేసి కుర్చీ లాక్కుంది. ఆమె చెప్పాల్సిన మొదటి బంతికే తండ్రికి ఇష్టమైన ఎడంచేతివాడు బౌల్డయ్యాడు. వీధి ఉసూరుమంది. ఆమె తండ్రి వైపు చూసింది. ఆయన దిండు మీంచి మెడ చాచి ఉన్నాడు.

"ఫోర్," అంది. "కవర్స్ మీదుగా."

"మరి ఆ మూలుగేంటమ్మా?"

"పై వాటాలో కరెంటు పోయినట్టుంది."

"అలాగా," అన్నాడు.

ఆ తర్వాత ఆపడం కుదరలేదు. టీవీలో వికెట్లు రాలుతుంటే, ఆమె నోట ఎడంచేతివాడు సెంచరీ దాటాడు. గొంతూ లేచింది. అది పై వాటా మాస్టారి చెవిన పడింది. ఆయన టీవీలో ఎడంచేతివాడు ఎప్పుడో ప్యాడ్లు విప్పేశాడు. కేబుల్ వాడు తనకు పాత మ్యాచ్ వేస్తున్నాడని తేల్చుకుని, మాస్టారు అతన్ని పిలిపించారు.

"లైవే సార్ ఇది."

"లైవైతే కింద వాళ్ళకి సెంచరీ ఎలా వచ్చిందయ్యా?"

అతను డాబా ఎక్కి ఒక వైరు పీకాడు. బిల్డింగ్ మొత్తానికి బొమ్మ పోయింది. మెట్ల మీదికి వచ్చిన వాళ్ళందరికీ మాస్టారు విషయం వివరించారు: ఇంతసేపూ మనం చూసింది పాత మ్యాచ్, అసలుది కింద వస్తోంది. అందరూ దిగొచ్చి కిటికీ ముందు గుమిగూడారు.

లోపల ఆమె ఎదుట కూడా నల్ల తెరే.

"బొమ్మ పోతే పోయింది, నువ్వు ఆపకమ్మా," అన్నారు బయటివాళ్ళు.

ఆమె ఆపలేదు. చివరి బంతికి సిక్సర్ కొట్టించి మ్యాచ్ గెలిపించింది. మాస్టారు పక్కవాళ్ళను కావలించుకున్నారు. ఈలలు విన్న కేబుల్ అతను సంతోషం పట్టలేక వైరు తిరిగి గుచ్చాడు.

తెర మీద అవతలి జట్టు కప్పు ఎత్తుకుని ఉంది. కిటికీలోని తలలన్నీ తెర వైపు నుంచి ఆమె వైపు తిరిగాయి.

"నాన్నా, అదీ..."

"మొదటి బంతికే పోయాడు, తెలుసు. పై వాటాలో కరెంటు పోతే వీధంతా ఉసూరుమంటుందా?"

"మరి అప్పుడే అనలేదేం?"

"అంటే నువ్వు లేచి వెళ్ళిపోయేదానివి. చిన్నప్పుడూ ఇంతేగా. సాయంత్రం నువ్వు గెలిపించేదానివి, పొద్దున పేపర్లో ఓడిపోయేవాళ్ళు."

ఆయన దిండు సర్దుకున్నాడు.

"రెండో కన్ను కూడా చేయించుకుంటాలే. మళ్ళీ ఫైనల్ ఎప్పుడుందో చూసి డేట్ తీసుకో."

ఆమె మొదటి ఛానెల్ పెట్టి సౌండ్ పెంచింది. అక్కడ ఇంకా టిఫిన్ గురించే మాట్లాడుతున్నారు.