ఇంటికో సీసాల నిపుణుడు

ప్రతి ఇంట్లోనూ పాత సీసాల వయసు చెప్పగలిగే మనిషి ఒకరు ఉండి తీరాలని నేను డిమాండ్ చేస్తున్నాను! మా ఇంట్లో మావారు ఉన్నారు. మీ ఇంట్లో అలాంటివారు లేరంటే మిమ్మల్ని చూసి జాలిపడుతున్నాను.

సీసా పక్కన నిలువునా ఒక అతుకు గీత ఉంటుంది. ఎప్పుడైనా గమనించారా? ఆ గీత మూతి అంచు దాకా వెళ్తే అది మెషీన్ సీసా. మెడ దగ్గరే ఆగిపోతే మూతి చేత్తో చేసిందన్నమాట, వందేళ్ళ పైమాటే. ఇంతమాత్రం తెలియకుండా ఇన్నాళ్ళూ మంచినీళ్ళు ఎలా తాగారండీ?

ఇక ఇన్సులేటర్లు. పాత టెలిగ్రాఫ్ స్తంభాల మీద తీగలు తగిలించిన గాజు బుడిపెలు. లోపల మర ఉంటే ఒక కాలం, లేకపోతే అంతకు ముందు కాలం. మా హాల్లో యాభై మూడు ఉన్నాయి. స్తంభం మాత్రం ఒక్కటీ లేదు.

తేదీ తేలకపోతే మావారు ఫోటో తీసి, తనలాంటి సీసాల నిపుణుల వాట్సాప్ గ్రూపులో పెడతారు. అందులో ఉన్న రిటైరైన పోస్టుమాస్టరు గాజులో బుడగలు చూడమంటాడు. వాచీలు బాగుచేసే ఆయన రంగు చూడమంటాడు. మూడు గంటలు కొట్టుకుని, అటూ ఇటూ ఐదేళ్ళ తేడాలో సీసా పుట్టిన కాలం తేల్చేస్తారు. ఎంత శ్రద్ధ!

ఈ నిధులన్నీ పాత చెత్తగుట్టల్లో దొరుకుతాయి. మావారు గునపంతో వెళ్ళి సంచీతో దిగుతారు. వంటింటి గట్టు మీదే పొడి బ్రష్షుతో దులుపుతారు. కడిగితే పాతకళ పోతుందట! ఆ దుమ్ముకే నాకు దగ్గు పట్టుకుంది. ఒకందుకు అదీ మంచిదే. దగ్గేవాళ్ళు పోట్లాడలేరు కాబట్టి మా సంసారం ప్రశాంతంగా ఉంది.

“కాస్త మెల్లగా దగ్గవోయ్, అరలు అదురుతున్నాయి” అంటారు మావారు. ఎంత సున్నితమైన మనసో చూడండి!

మొన్న నేను దగ్గు మందు కొని తెచ్చుకున్నాను. సీసా అడుగున గుర్తులు చూడాలి కదా? చూడాలంటే బోర్లించాలి. అందుకని మావారు మందంతా సింకులో వొంపేశారు. మూత బిగించి బోర్లించొచ్చుగా అని అడగబోయాను గానీ, దగ్గొచ్చింది.

“ఛ! పోయినేడాదిది” అని పెదవి విరిచారు.

రెండో సీసా కొనే ఓపిక లేక నిన్న డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం.

“దగ్గు ఎన్నాళ్ళ నుంచమ్మా?” అని ఆవిడ అడిగింది.

నేను నోరు తెరిచేలోపే మావారు నిపుణుడి ధీమాతో చెప్పేశారు. “ఓ నాలుగు రోజులుంటుందండీ.”

“ఐదు నెలలు” అన్నాను.

డాక్టరమ్మ పెన్ను ఆపింది. ఆయన వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసి, ఛాతీకి ఎక్స్‌రే రాసింది. మావారు కుర్చీలో పూర్తిగా నావైపు తిరిగారు.

“ఐదు నెలలా! అంత పాతదా?”

ఈ ఐదు నెలల్లో ఆయన నన్నంత పరీక్షగా చూడడం అదే మొదటిసారి. కోపం రావలసింది. ఏడుపొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటే భుజాలు అదిరాయి.

“చూశారా డాక్టరుగారూ, ఇదిగో, ఇలాగే దగ్గుతుందండీ” అన్నారు మావారు.