బావగారి ఊపిరి

బ్రేకుల మాస్టారంటే మా వీధిలో తెలియనివారు లేరు. డ్రైవింగు స్కూల్లో ముప్ఫై ఏళ్ళు పక్క సీట్లో కూర్చుని, నేర్చుకునేవాళ్ళు కారును గోడల మీదికి పోనిచ్చినప్పుడల్లా తన వైపున్న బ్రేకు తొక్కి ఊరిని కాపాడారు. ఊరు బతికింది గానీ ఆయన మోకాలు పోయింది.

రిటైరయ్యాక ఆ మోకాలికి మాస్టారు తనంతట తానే వైద్యుడయ్యారు. మంచం దిగడానికో నొప్పి మాత్ర, దిగాక నడవడానికింకోటి, నడిచొచ్చిన ఆనందంలో మరోటి.

"అవి మాత్రలండీ, వేయించిన బఠాణీలు కావు," అనేది ఆయన భార్య.

"నా మోకాలు, నా మాత్ర. మధ్యలో నీకేంటే?"

"మధ్యలో పొట్టొకటి ఉంది కదా. దాని సంగతే అడుగుతున్నా."

ఒకరోజు మాస్టారు మేడ మెట్లెక్కుతూ సగంలో కూలబడ్డారు. మొహం సున్నం కొట్టినట్టయింది. ఆవిడ ఒక్క మాటా అనకుండా ఆయన్ని ఆటో ఎక్కించింది. ఆవిడ ఏమీ అనలేదంటే పరిస్థితి ఎంత విషమించిందో మాస్టారికి అప్పుడే అర్థమైంది.

"నొప్పి మాత్రలు ఎన్నాళ్ళ నుంచి?" అంది డాక్టరమ్మ.

"ఎప్పుడో ఒకటండీ."

"ఒకటయ్యాక ఒకటండీ," అని సరిచేసింది భార్య.

రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ కళ్ళజోడు తీసింది. "రక్తం తగ్గింది. ఈ మాత్రలు పొట్ట లోపలి పొరని పలచన చేస్తాయి. కొందరి పొట్టలో ఒక క్రిమి కాపురం ఉంటుంది, అదీ అక్కడే పుండు చేస్తుంది. రెండూ తోడైతే మీ వయసులో లోపల నెత్తురు కారేదాకా నొప్పి కూడా తెలియకపోవచ్చు. విరేచనం తారులా నల్లగా అయితే వెంటనే పరుగెత్తుకు రండి. మాత్రలు ఇవాళ్టి నుంచి బంద్. క్రిమి ఉందో లేదో చూడాలి, దాని జాడ ఊపిరిలోనే తెలిసిపోతుంది. రేపు పరగడుపున ల్యాబుకెళ్ళి సంచిలోకి ఊదండి."

ఆ మాటల్లో మాస్టారి చెవికెక్కింది ఒక్కటే. క్రిమి లేదని తేలితే డాక్టరమ్మని బతిమాలి మాత్రలు మళ్ళీ తెచ్చుకోవచ్చు! ఆ సాయంత్రమే కుంటుకుంటూ బావమరిది బేకరీకి వెళ్ళారు.

"నువ్వెళ్ళి నా పేరు చెప్పి ఊదిరారా. నీది రాళ్ళు తిని హరాయించుకునే పొట్ట. నీ ఊపిరికి తిరుగుండదు."

"పరగడుపున వెళ్ళాలా బావా?"

"ఒక్కపూటే కదరా!"

"సరే బావా."

కాఫీ ఇప్పించమన్నా మూడుసార్లు ఆలోచించే బావమరిది అంత తేలిగ్గా ఒప్పుకున్నాడంటే అనుమానించాల్సింది. కానీ మాస్టారి బుర్రలో అప్పటికే సంబరం ఎక్కి కూర్చుంది, అనుమానానికి సీటు లేదు.

మర్నాడు బావమరిది ల్యాబులో ఊదాడు. మాస్టారు ఎదురుగా పార్కు బెంచీ మీద కూర్చుని ఊపిరి పీల్చుకున్నారు.

రిపోర్టు వచ్చింది. ఆవిడ చదివి, "క్రిమి ఉందట," అంది.

"ఉండదే! ఎలా ఉంటుంది?"

"అంత గట్టిగా ఎలా చెబుతున్నారు?"

"అంటే... నా పొట్ట నాకు తెలీదా?"

"తెలిస్తే మెట్ల మీద కూలబడేవారా? రెండు వారాలు పూటకి గుప్పెడు మందులట. మింగండి." ఆవిడ గ్లాసు చేతికిచ్చింది.

మాస్టారు అరచేతిలో మందుల్ని చూశారు. ఈ క్రిమి బావమరిదిది. వాడు గుండె కోసమని రోజూ నెత్తురు గడ్డకట్టనివ్వని మాత్ర వేసుకుంటాడు. నెత్తురు కారేదాకా తెలియకపోవచ్చన్న డాక్టరమ్మ మాట ఇప్పుడు చెవిలో గింగురుమంది. నలభై ఏళ్ళుగా పోట్లాడుతూ, పక్కపక్కనే కూర్చుని తిన్న మనిషి వాడు. మాస్టారు గ్లాసు కింద పెట్టేశారు.

"ఇవి నేను మింగకూడదే."

"ఏం?"

"ఇవి... మీ తమ్ముడివి." మిగిలింది కూడా కక్కేసి, తిట్లకి తల వంచి నిలబడ్డారు.

"హమ్మయ్య, చెప్పారు," అందావిడ. "ఒరేయ్, రారా!"

వంటింట్లోంచి బావమరిది పొట్ట నిమురుకుంటూ వచ్చాడు. "బావా, నా మందులిటివ్వు."

మాస్టారు మందులు వాడి చేతిలో పోసి, "నువ్వెప్పుడొచ్చావురా?" అన్నారు.

"మీరు కొట్టు మెట్లు దిగకముందే వీడు నాకు ఫోన్ చేశాడు," అందావిడ. "ఆర్నెల్లుగా కడుపు మంటంటాడు. పరీక్ష చేయించుకోరా అంటే కొట్టు వదలడు. బావ ముచ్చట కోసమైతే కదులుతానన్నాడు, పోనీలే కదలనీ అనుకున్నా. డాక్టరమ్మకి చెప్పి రిపోర్టు వీడి పేరు మీదే రాయించాను."

"అంటే నా ఎత్తు..."

"బ్రహ్మాండంగా పారిందండీ. వీడి ప్రాణానికి పనికొచ్చింది. ఇక మీ ప్రాణం సంగతి రేపు చూద్దాం."

మర్నాడు ల్యాబులో అమ్మాయి సంచి అందిస్తూ, "గట్టిగా ఊదగలరా అంకుల్?" అంది.

"నలభై ఏళ్ళుగా ఊదరగొట్టడమేనమ్మా, ఊదడం ఇదే మొదటిసారి," అంది ఆవిడ.

మాస్టారు బుగ్గలు పొంగించి ఊదారు. ఆయన రిపోర్టులోనూ క్రిమి ఉంది. నొప్పి మాత్రల డబ్బా ఆవిడ బీరువాలోకి పోయింది, మోకాలికి వ్యాయామాలు వచ్చాయి. పొద్దునా సాయంత్రమూ బావా బావమరుదులిద్దరూ పక్కపక్కన నిలబడి, నోరంతా చేదై మొహాలు చిట్లించుకుంటున్నారు.

"ఇన్నేళ్ళలో ఒక్క మాట మీద కలవలేదు మీరిద్దరూ," అందావిడ గ్లాసులు అందిస్తూ. "చివరికి క్రిమి దగ్గర కలిశారు. ఊఁ, మింగండి."